దండాసి మావ గొంతు

వాన వెలిసిన రాత్రులు
ఏటి అవతల పాతపట్నంలో దీపాలుండేవి,
ఇవతల పర్లాకిమిడిలో కరెంటు ఉండేది కాదు.
ఆకాశానికి కూడా చెక్‌పోస్టు ఉంటుందనుకునే వయసు.

కొమ్ముబొమ్మలు చెక్కే వీధి చివర
దండాసి మావ వీడియో హాలు.
తాటాకు పందిరి, టార్పాలిన్, దగ్గే జనరేటరు,
చాపకి రూపాయి, బెంచీకి రెండు.
తెర మీద ఇంగ్లీషు.
హాల్లో ఎవరికీ రాదు. మావకీ రాదు.
అయినా పక్కన స్టూలేసుకుని
ఆర్పిన పికా చెవి మీద పెట్టుకుని
చాపలకి తెలుగులో, బెంచీలకి ఒడియాలో
వాళ్ళ మాటలు చెప్పేవాడు.

పళ్ళెంలాంటి ఓడ ఊరి మీద ఆగుతుంది.
అడుగున మూత జారుతుంది.
రెప్పల్లేని కళ్ళవాడొకడు నోరు తెరవగానే
మావ గొంతు:
"ఒరే! మీ నుయ్యిలు మావే, మీ గొడ్లు మావే,
తెల్లారేలోగా పర్లాకిమిడి మింగీడానికే ఒచ్చినాం!"
వెంటనే అదే మాట ఒడియాలో, కొంచెం మర్యాదగా.

బెంచీకి డబ్బుల్లేక
నాతో చాప మీద కూచున్న కుని
మెడ వెనక్కి తిప్పి ఒడియా కోసం ఆగేది.
అందుకే నా కేక తర్వాత
మూడు క్షణాలకి కుని కేక.

నౌపడా నుంచి చిన్నబండి
ఒంటికన్ను వెలిగించుకుని పొలాల్లోంచి వస్తుంటే
ఇద్దరం గట్టు కింద బోర్లా పడుకునేవాళ్ళం.
రోజూ గంటన్నర ఆలస్యంగా వచ్చే
దండయాత్ర అది.

అన్నిటికంటే చెడ్డది
ఓడ కనబడని సినిమా.
అందులో వాళ్ళు మనిషిలోకి దూరిపోతారు.
అదే కోటు, అదే నడక, అదే నవ్వు,
లోపల మాత్రం ఇంకొకరు.

ఆ రాత్రి నుంచి అమ్మని కనిపెట్టుకుని ఉన్నాను.
మాతో తెలుగు.
తెల్లారి పాల ప్రఫుల్లతో ఒడియా.
భాష మారేచోట అమ్మ మొహం కూడా మారేది,
కనుబొమలు పైకి లేచి, గొంతు సన్నబడి,
నవ్వు ఎవరిదో.
పేలు చూస్తానని తల వంచమని
చెవి వెనక ఆవనూనె చిందిన మచ్చ వెతికేదాన్ని.
ఉండేది.
ఉంటే మాత్రం?
వాళ్ళు మచ్చలతో సహా వస్తారని
మావ చెప్పాడుగా.

పోయిన ఆషాఢంలో చూశాను మావని.
బరంపురం పెద్దాసుపత్రిలో గొంతు తీసేశారట.
మెడకి తెల్లగుడ్డ,
చేతిలో టార్చిలైటంత యంత్రం.
దాన్ని దవడ కింద ఆనించి మాట్లాడతాడు.
ఎత్తూ పల్లం లేని మాట,
పందిరి వెనక ఆ పాత జనరేటరే
పేరు పెట్టి పిలిచినట్టు.

నా కాళ్ళు ఒక అడుగు వెనక్కేశాయి.
నలభై ఏడేళ్ళ కాళ్ళు.

మావ చూశాడు.
యంత్రం మళ్ళీ ఆనించాడు.
"మీ... నుయ్యిలు... మావే."
ఆ యంత్రానికి నవ్వు రాదు.
భుజాలు కదిలాయి, అంతే.

టీ చల్లారాక అడిగాను,
ఇంతకీ వాళ్ళు నిజంగా ఏమనేవాళ్ళు మావా అని.
చాలాసేపు బ్యాటరీ సరిచేసుకున్నాడు.

"నాకేటి... తెలుసే.
దారి... తప్పీసినాం... అన్నారేమో.
గుక్కెడు... నీళ్ళు... అడిగినారేమో.
ఆ ముక్క... సెప్తే
చాపకి... రూపాయి... ఎవుడిస్తాడు?"

కుని ఇప్పుడు రాయగడలో ఉంటోంది.
రాత్రి ఫోన్ చేసి
ఈ మాట తెలుగులోనే చెప్పాను.

అటు నుంచి
మూడు క్షణాలు
ఏమీ వినబడలేదు.